జెనరల్ జోగి ఓడ తప్పిన సంగతి

ఎవలమ్మా బానూ ఆ ఫోన్లో, ఇందాకట్నుంచీ దానొంకే సూస్తన్నావు? ఇశాపట్నమా? ఇశాపట్నంలో నీకెవలున్నారే. సుదామణా... ఆ పేరు నానెప్పుడూ ఇన్నేదు. ఎవలి గుంట? కోటేస్పరి మనవరాలా. ఏ కోటేస్పరి? ఉండు, ఆ కుర్సీ ఇటు లాగి నా ఎడం పక్కన కూకో, కుడి సెవి పని సెయ్యదు. మల్లీ సెప్పు. జోగి పెల్లాం కోటేస్పరా. పోయిందా. ఎప్పుడు? పోయిన ఏడు సలికాలమా... ఊఁ. పోయింది గావాల మరి, నా ఈడుదే గదా, నాకంటే నాలుగేల్లు సిన్నదేమో. నన్ను సత్తన్నా అనీది. సత్యారావన్నా అని పూర్తిగా పిలిసిన మనిసెవలూ ఈ రంగంలో, ఈ బర్మా దేశంలోనే నేరులే. సరే, రంగం తెలుగోల్లందర్నీ ఆ పిల్ల ఏటడుగుతంది? సదువు. నా మనవరాలివైనా నీకు తెలుగు సదవడం రాదు గదా, ఇంగిలీసులో రాసిందేటి. "మా తాత మమ్మల్ని ఒగ్గీసినాడా, ఓడ తప్పిపోనాడా, తెలిసినోల్లుంటే సెప్పండి" అనా. అంతేనా. ఇంకేటీ నేదా. బలే పిల్లే. ఒక్క మాటలో అడిగీసింది. నానేమో అరవయ్యేల్లుగా అదే మాట నాలో నాను అడుగుతన్నాను, ఒకరోజు ఇలగనిపిస్తాది, ఒకరోజు అలగనిపిస్తాది. నువ్విప్పుడే ఏటీ కొట్టకు ఆ ఫోన్లో. ముందు ఇను.

జోగి ఎవలనుకున్నావు? జెనరల్ జోగి. మన మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ముసలోల్లనెవలినడిగినా సెప్తారు, ఉంటే. ఆడు ఓడరేవులో ఇంచి తోలీవోడు. ఇంచి అంటే తెల్దా, ఓడలోంచి బరువులు గొలుసేసి పైకి లాగీ మిసను. బియ్యం మూటలు, టేకు దుంగలు, ఏదైనా సరే, ఆడు లాగితే గాల్లో ఊగకుండా పసిపిల్లని దించినట్టు దించీవోడు. నాను అక్కడే సామాను సరిసూసీ గుమస్తాని. ఇద్దరం ఒక ఈడోల్లం. ఆడి నాన్నది బీవిలీ దగ్గిర ఊరు, ఆల్ల తాత కాలంలోనే రంగం వొచ్చీసినారు. జపానోల్లు బాంబులేసినప్పుడు మనోల్లందరూ నడుసుకుంటూ ఇండియా పోనారు గదా, కొండలూ అడవులూ అడ్డంపడి, అప్పుడు ఆడికి నాలుగేల్లు, ఒల్లు పేలిపోయీ జొరం. ఆడి నాన్న, అన్న నడిసి పోనారు. ఈడ్ని మేనత్త ఎంకమ్మ దగ్గిర ఒగ్గీసినారు. జొరం తగ్గితే ఎవలితోనైనా పంపించు అనీసి. ఎవలితో పంపిస్తాది? ఎంకమ్మే పెంచింది. ఆవిడికి మొగుడు నేడు, కడుపులో బిడ్డుంది, ఆ బిడ్డే కోటేస్పరి. బాంబులు పడతా ఉంటే కాలవ పక్కన గుంతలో ఇద్దర్నీ సెరో సంకలో పెట్టుకుని... కాదు, కోటేస్పరి అప్పటికి పుట్టనేదు. పుట్టిందా? ఏమో, తరవాత పుట్టింది గావాల. పెద్దయ్యాక మేనత్త కూతుర్నే జోగికిచ్చి సేసినారు. అంతవరకూ బాగానే ఉంది కత.

జెనరల్ పేరెలగొచ్చిందంటావు? అక్కడికే వొస్తన్నాను. మన సంగం తరపున తెలుగు బడి ఉండీది, దాన్లో లింగరాజు మాస్టారు. సన్నగా, నల్లగా, గొడుగు నేకుండా గుమ్మం దాటీవోరు కాదు. ఆయనకి నాటకాల పిచ్చి. రాముడు, కురుస్నుడు అందరూ ఆడినవే అనీసి, పన్సొడాన్ ఈదిలో పాత పుస్తకాల కొట్లో ఏదో ఇంగిలీసు పుస్తకం కొనుక్కొచ్చి, దాన్లోంచి పరాసు దేశం జెనరల్ ఒకడి కత తీసి నాటకం రాసినారు. నెపోలియన్ కాలం జెనరల్. పేరు లవెర్నె. అది మనోల్ల నోట తిరక్క, లవన్న అయిపోయింది. లవన్న జెనరల్. ఏటి, ఫోన్లో ఎతికినావా? అలగటి జెనరల్ నేడా? నేడంటే... మరి మాస్టారే పుట్టించీసినారేమో. ఆయన్ని ఒకసారి నానడిగినాను, నిజంగా ఉన్నాడా మాస్టారూ అని. "పరాసు దేశంలో అలగటి జెనరళ్ళు బోల్డుమంది ఒరే, ఒకడు తక్కువైతే ఏటి" అన్నారు. అదేం సమాదానమో నాకర్తం కానేదు. సరే, ఏసానికి మనిసి కావాల. పొడుగ్గా ఉండాల, గొంతుండాల. మాస్టారు రేవుకొచ్చి అందర్నీ సూసి, ఇంచి మీద కూకున్న జోగిని ఏలెట్టి సూపించినారు. "దిగు కిందకి" అన్నారు. ఆడు దిగినాడు. అదే మొదలు.

ఆ లవన్న కత సెప్తానుండు. పీపాలు సేసీవోడి కొడుకు. సముద్రం ఒడ్డు ఊరు. రాజుగారి సైన్యంలో సిపాయిగా సేరినాడు. తరవాత జనం తిరగబడి రాజు తల నరికీసినారు, పెద్ద పెద్ద ఆపీసర్లందరూ పారిపోనారు, కుర్సీలు కాలీ అయిపోయి ఈడు కేప్టెనై కూకున్నాడు. అక్కడ ఇటలీలో ఏదో వంతెన, ఆ వొడ్డునుంచి పిరంగులు, గుర్రం సచ్చిపోతే నడిసే దాటీసినాడు. అప్పుడు నెపోలియన్ ఈడ్ని జెనరల్ని సేసినాడు. తరవాత ఈజిప్టు, ఇసక, దప్పిక. అక్కడ జోగి పజ్జెం ఎత్తుకునీవోడు సూడు, "దాహము దాహమంచు బడి దారుల నేడ్చెడు నా సిపాయిలన్" అనీసి, ముందు వరసలో ఆడోల్లు కొంగు నోటికడ్డం పెట్టుకునీవోరు. తరవాత రష్యా మంచు. కాలి ఏల్లు రాలిపోయి, జెండా కోటు లోపట సుట్టుకుని నడుసుకుంటా వొచ్చినాడు. నాన్న, అన్న అడవుల్లో నడిసి... కాదులే, అది జోగోల్లు. నాకిప్పుడు ఇద్దరూ కలిసిపోతారమ్మా. సరే, నెపోలియన్ ఓడిపోతే ఆడ్ని ఒక లంకలో పెట్టినారు. కొత్త రాజొచ్చినాడు. లవన్న ఆ రాజుకీ కత్తి మీద సెయ్యేసి పెమాణం సేసినాడు. ఇంతలో నెపోలియన్ లంకలోంచి తప్పించుకుని వొచ్చీసినాడు. రాజు కబురంపుతాడు, ఎల్లి పట్టుకు రా అని. ఆ కబురు తెచ్చీ దూతని నాను. "సేనానీ, ఎవరి కొలువు నీది?" అదొక్కటే నా డైలాగు. లవన్న టోపీ తీసి, రాజుగారిచ్చిన తెల్ల పువ్వు పీకి పారీసి, పాత ఏలిక దగ్గిరికే పోతాడు. తరవాత వోనలో పెద్ద యుద్దం, ఓడిపోడం. రేవులో పడవ సిద్దంగా ఉంటాది, ఎక్కితే అమెరికా పోయి బతికీవోడు. ఎక్కడు. రాజు మనుసులు పట్టుకుని గోడకి నిలబెట్టి కాల్సీస్తారు. కాల్చండి అన్న మాట కూడా ఆడే అంటాడు. పడవెందుకెక్కనేదు మాస్టారూ అని జోగి అడగని రోజు నేదు. "పుస్తకంలో రాయలేదురా, నువ్వు పడిపో, అంతే" అనీవోరాయన.

కోటు సంగతి మరిసిపోనాను. లత పేటలో ఒక దర్జీ కుట్టినాడు, నీలం ఉన్ని గుడ్డతో, ఏదో ఓడ ఆపీసరు ఒగ్గీసిన పాత కోటుకున్న ఇత్తడి గుండీలు పెట్టి. గుండీల మీద లంగరు బొమ్మ. బుజాల మీద జరీ కుచ్చులు, అవి కోటేస్పరి పెల్లి సీర అంచు ఇప్పి ఇచ్చింది. ఎంకమ్మ ఆ మాట మీద ఎంత గోల సేసిందని. "పెల్లి సీర ఇప్పి దొరగాడి కోటుకేస్తావా" అని. కోటేస్పరి నవ్వీది. ఏడాదికొక్కసారి సంగం హాలులో ఆదివారం సాయంత్రం ఆట, మొదటి వరసలో కూకుని నోటితో ఆడి పజ్జేలన్నీ ఆడితో పాటే అనుకునీది. ఆడెక్కడైనా తప్పితే గాజులు గలగలాడించీది. ఆడు సవరించుకునీవోడు. జనానికి తెల్దు, నాకు తెలుసు, నాను దూతని గదా, ఏసమేసుకుని పక్కన నిలబడుండీవోడ్ని.

తరవాత అరవై నాలుగో సమచ్చరం. కొట్లన్నీ మిలట్రీ సర్కారు తీసీసుకుంది. పొద్దున్న తాలం తీద్దామనెల్తే గుమ్మంలో సిపాయి. కొట్లు నేవు, కొట్లలో పన్లు నేవు, మనోల్లు ఓడ మీద ఓడ ఎక్కీసినారు. ఎవలెల్తన్నారు, ఎవలుంటన్నారు, పొద్దునొక మాట, సాయంత్రానికొక మాట. మా ఇంట్లోనే మా నాన్న ఎల్దామంటే మా అమ్మ ఉందామనీది, మర్నాడు తిరగబడీది, నాన్న ఉందామంటే అమ్మ మూట కట్టీది. మాకు ఇక్కడి పవుర కాగితం ఉంది కాబట్టి ఉండిపోయాం. జోగికి నేదు. రేవులో ఇదేసీల్ని తీసీస్తారని ఒకటే పుకారు. బీవిలీ నుంచి ఆడి అన్న వొచ్చీమని కబురు మీద కబురు. సరే అనీసి జోగి తనకీ పెల్లానికీ ఓడకి పేర్లిచ్చీసినాడు. ఇంక సూడు గొడవ. కోటేస్పరి కడుపుతో ఉంది, ఆరో నెలో ఏడో నెలో. నాను కదల్ను అంది. "ఆ ఊరెలగుంటాదో నాకు తెల్దు, అమ్మ ఇక్కడ మంచంలో ఉంది, ఎలగెల్తాను" అంది. నిజవే, ఎంకమ్మకి అప్పటికి ఒక పక్క పడిపోయింది, సెయ్యీ కాలూ రావు, ఓడలో ఎక్కనివ్వరు. ఎక్కనిచ్చినా ఆవిడెక్కదు. జోగి సెప్పీవోడు, "బిడ్డ పుట్టనీ, ఆనక నానొచ్చి అత్తని ఎలగోలాగ తీసుకుపోతాను, అంతవరకూ సత్తిగాడి అమ్మ సూస్తాది" అని. మా అమ్మ సరేనంది. కోటేస్పరి ఒప్పుకోనేదు. ఆకరికి ఎంకమ్మే అంది, నోరు వంకరపోయి మాట సరిగ్గా రాదు, అయినా అంది. "నువ్వెల్లకపోతే నాను అన్నం ముట్టను" అని. ముట్టనేదు కూడాను. అప్పుడు ఒప్పుకుంది, ఒక్క మాట మీద. ఆడ్ని ఒగ్గీసి ఎల్లను, ఆడితోటే ఎల్తాను. ఆ మాట గురుతెట్టుకో, బానూ. నాకెక్కువ తికమక అక్కడే.

అప్పటికి లింగరాజు మాస్టారు ముందరి ఓడకే ఎల్లిపోనారు. ఎల్తా ఎల్తా కోటు తీసి జోగి సేతిలో పెట్టి, నీదేరా ఇది, అన్నారట. ఓడ ముందురోజు నాను జోగితో సెప్పినాను, ఒరే, అది పెట్లో పెట్టుకోకు, తనికీలో ఒక్కొక్క గుడ్డా దులుపుతన్నారు, బంగారమే కాదు పుస్తెలు కూడా తీయిస్తన్నారు, అది సూస్తే ఏటనుకుంటారో, అని. "నాకు తెల్దేటిరా, మీ అమ్మకిచ్చీసినాను" అన్నాడు. అంత సులువుగా అన్నాడు. సరే అనుకున్నాను. మర్నాడు రేవులో ఆడోల్లనొక వరస, మగోల్లనొక వరస. ఆడోల్ల తనికీ ముందైపోయింది, కోటేస్పరి ఓడెక్కీసింది. పైన కటకటాల దగ్గిర నిలబడి కిందకి సూస్తంది, సెయ్యి కడుపు మీదుంది. జోగి షెడ్డులో తనికీ బల్ల దగ్గిర. నాను పక్కనే సామాను రాసుకుంటన్నాను. పెట్టి మూత తీసినారు. పైనే ఉంది. అడుగున కాదు, దాసిపెట్టి కాదు. పైనే, మడత పెట్టి, గుండీలు తలతలా మెరిసిపోతా.

ఆ గుమస్తా కోటెత్తి సూసి, ఇది ఎవలిది అన్నాడు. జోగి ఏటన్నాడనుకున్నావు? "బోజో కోటు" అన్నాడు. జెనరల్ అంటే మన బర్మా మాటలో బోజోయే గదా, ఆడు లవన్న జెనరల్ది అని సెప్పినాడు, అంతే. దేశాన్నేలీవోడూ ఒక బోజోయే అయిన ఆ రోజుల్లో, ఆ షెడ్డులో, అంతమంది తుపాకీలోల్ల మద్దిన, కలా మనిసి, అంటే ఇండియావోడి పెట్లో బోజో కోటు. ఆల్లు పరిగెట్టుకెల్లి కేప్టెన్ని తెచ్చినారు. కుర్రోడే, కళ్లజోడు పెట్టుకున్నాడు, సదువుకున్నోడిలాగ ఉన్నాడు. కోటు అటూ ఇటూ తిప్పి, లంగరు గుండీలు గోటితో గీకి, "ఏ సైన్యం?" అన్నాడు. "నెపోలియన్ సైన్యం దొరా" అన్నాడు జోగి. "నువ్వు నెపోలియన్ సైన్యమా?" "నాను కాదు దొరా, లవన్న." "లవన్న ఎక్కడున్నాడు?" "సచ్చిపోనాడు." "ఎవలు సంపినారు?" "రాజు దొరా." "ఏ రాజు?" "రెండో రాజు. మొదటి రాజుని జనం సంపీసినారు." ఆ కేప్టెన్ నావొంక సూసినాడు, ఈడికి మతి ఉందా అన్నట్టు. అప్పుడు జోగి నన్ను సూపించి, "ఈడ్ని అడగండి దొరా, ఈడు రాజుగారి దూత" అన్నాడు. నాటకం దొరా, ఏసం కోటు దొరా, మా సంగంలో ఆడతాం, అని నానే బర్మాలో ఇడమరిసి సెప్పినాను. కేప్టెన్ ఒక ట్రంకు పెట్టి మీద కూకుని, టోపీ తీసి, "అయితే ఆడి చూపించండి" అన్నాడు.

ఏటి సెయ్యాల? ఆడాం. కోటు తొడిగినాడు. ఆ షెడ్డులో, మూటల మద్దిన, గుమస్తాలందరూ పని ఆపీసి సుట్టూ మూగినారు. మన మాటలేటీ ఆల్లకి తెల్దు, నాను మద్దిమద్దిన బర్మాలో సెప్తన్నాను. పీపాలోడి కొడుకు, రాజు తల, వంతెన. ఇంతలో ఓడ కూత ఏసింది, మొదటి కూత. పోటు దిగిపోయీలోగా కదలాల గదా ఓడ. నాను జోగికి సైగ సేసినాను, ఈజిప్టు, రష్యా ఒగ్గీసి, సటుక్కున దూత దగ్గిరికొచ్చీసి, "సేనానీ, ఎవరి కొలువు నీది" అనీసినాను. అక్కణ్ణుంచైతే బేగి అయిపోద్ది, పడిపోడమే. ఆడు నావొంక సూసినాడు. ఇన్నాడు. తెలుసు ఆడికి. అయినా ఎనక్కెల్లి ఈజిప్టు మొదలెట్టినాడు. దాహము దాహమంచు. మొత్తం పజ్జెం, రాగం తీసి, సంగం హాల్లో కంటే నిదానంగా. నాను మల్లీ అందించినాను. ఆడు మల్లీ రష్యా ఎత్తుకున్నాడు. మంచులో నడిసినట్టు కాలీడ్సుకుంటా ఆ షెడ్డంతా తిరిగినాడు. కేప్టెన్ ముందు నవ్వినాడు, తరవాత నవ్వడం మానీసినాడు, ముందుకొంగి కూకున్నాడు. రెండో కూత. అప్పుడు నానింక ఆగనేక, దొరా ఈడి పెల్లాం ఓడెక్కీసింది, కడుపుతో ఉంది, ఒగ్గీండి దొరా, అన్నాను. కేప్టెన్ సెయ్యెత్తి, ఉండు, అన్నాడు. "చివర ఏమయింది?" అన్నాడు. ఆకరికి జోగి గోడ దగ్గిర నిలబడి, కాల్చండి అని, ఎప్పట్లాగే నిలువునా పడిపోనాడు. సిమెంటు మీద. హాల్లో అయితే దుప్పటేసీవోల్లం. తల తగిలిన సప్పుడు నాకినబడింది. పడ్డోడు లెగనేదు. లెగరా, కేప్టెన్ ఎల్లిపొమ్మన్నాడు, అని నాను సొక్కా పట్టి లాగినాను. కోటు ఆల్లు ఉంచీసుకున్నారు. బయటికి పరిగెట్టీసరికి నిచ్చెన తీసీసినారు, తాల్లు ఇప్పీసినారు, ఓడకీ గట్టుకీ మద్దిన నీల్లు.

కోటేస్పరి సూసింది. అరవనేదు. పక్కనున్న ఆడోల్లు గోలెడతన్నారు, అది మాత్రం అలగే నిలబడి సూసింది, ఆడ్ని కాదు, ఆడి ఎనకాల ఊరిని సూస్తన్నట్టు సూసింది. జోగి సెయ్యెత్తినాడు. ఓడ తిరిగింది, రెండో పక్కనున్నోల్లు ఇటొచ్చినారు, అది కనబడ్డం మానీసింది. అప్పుడు ఆడు తాడు కట్టీ ఇనప దిమ్మ మీద కూలబడి ఏడిసినాడు సూడు. నానెప్పుడూ మగోడు అలగ ఏడవడం సూళ్లేదు. ఏడుపు నిజవేనమ్మా. కావాలనే ఉండిపోయినోడు అలగ ఏడుస్తాడా? అదీ నా తికమక. మల్లీ అనుకుంటాను, కావాలనే ఉండిపోయినోడే అలగ ఏడుస్తాడేమో, ఓడ తప్పినోడైతే తిట్టుకుంటాడు, గెంతుతాడు, పడవ మాటాడతాడు. జనం సంపాన్ పడవలెక్కి ఎంటబడ్డారు కొంతమంది ఆ రోజుల్లో. నాను సంపానోడ్ని కేకేసినాను కూడా. జోగి ఒద్దన్నట్టు తలూపినాడు. అప్పటికి రక్తం కారతంది సెవి ఎనక నుంచి. దానికి ఒద్దన్నాడో, దేనికి ఒద్దన్నాడో.

ఇంటికెల్లాం. ఎంకమ్మ మంచంలో ఉంది, పక్కన మా అమ్మ అంబలి తాగిస్తంది. "ఏటిరా, ఓడెల్లిపోయిందా" అంది ఎంకమ్మ. ఎల్లిపోయిందత్తా, అన్నాడు. "మరి నువ్వు?" ఆడు మా అమ్మ సేతిలోంచి అంబలి గిన్నె అందుకున్నాడు. ఆవిడ మొకం గోడవేపు తిప్పీసుకుంది. ఆ తిప్పుకోడం, అమ్మా, ఏల్లపాటు ఆడితో మాటాడనేదు. ఆడే నీల్లు పోసీవోడు, ఆడే తల దువ్వీవోడు, ఆడే ఎత్తి బయటికి తీసుకెల్లీవోడు, రేవుకెల్లీ ముందొకసారి, వొచ్చినాకొకసారి. కూతుర్ని ఒంటిగా పంపీసినాడు అని ఎవలైనా ఇంటికొస్తే ఆల్లతో సెప్పీది, ఆడికి ఇనబడీటట్టే. ఆడు ఇనీవోడు. నాను మా అమ్మనడిగినాను, కోటు నీకిచ్చినాడా అని. ఏ కోటు, అంది. అంటే ఆడు ఇవ్వనేదు. ఆడే పెట్టుకున్నాడా పెట్లో? అత్తని ఒంటిగా ఒగ్గనేక, ఉంటానంటే పెల్లాం ఓడెక్కదు గాబట్టి, అది ఎక్కినాక తను దొరికిపోయీటట్టు సేసుకున్నాడా? తన నాన్నా అన్నా ఒగ్గీసి పోతే పెంచిన మనిసి గదా ఆవిడ. అంత ఆలోచన ఉందా ఆడికి? ఒకో రోజు ఉందనిపిస్తాది. మరో రోజు, ఎర్రి నాగన్న, కోటు మీద ఆశ సావక మడతెట్టుకున్నాడు, బోజో అని నోరు జారినాడు, ఆట మొదలెట్టినాక ఆపుకోనేకపోనాడు, అంతే అనిపిస్తాది. ఇంకో మాట కూడా ఉంది, సెప్పమంటావా? ఆ పెట్టి సరదింది కోటేస్పరి. పైన పెట్టింది అదేనేమో, తన పెల్లి సీర జరీ గదా అది. అదే అయితే ఇంకెవల్నేటంటాం.

రెండో ఏడు ఆడికి మల్లీ ఓడ అనుమతొచ్చింది. ఎల్లనేదు, అత్తనెవలు సూస్తారురా అన్నాడు. ఒక నావికుడు సెప్పినాడు, ఆడపిల్ల పుట్టిందట, ఇశాపట్నంలోనే ఉంటన్నారట, బీవిలీ అన్న దగ్గిర పొసగక ఒచ్చీసిందట. ఆ నావికుడితోటే కోటేస్పరి కబురెట్టింది. వొస్తావో రావో, ఏదో ఒకటి సెప్పు, ఎదురుసూడ్డం ఒక్కటే కుదరదు, అని. జోగి ఆ నావికుడికి టీ తాగించి, అన్నం పెట్టి, రేవు దాకా సాగనంపినాడు. ఏటీ సెప్పి పంపనేదు. నాకు కోపమొచ్చింది. ఆ పిల్ల ఒంటరిగా బిడ్డనేసుకుని అక్కడుంటే నోరిప్పవేటిరా అని తగులుకున్నాను. ఆడు మెట్ల మీద కూకుని కాల్లొంక సూసుకున్నాడు. "ఏటని సెప్పమంటావు సత్తీ. ఓడ తప్పిపోయానంటే నమ్మదు. ఉండిపోయానంటే సమించదు" అన్నాడు. ఏది నిజమో సెప్పరా అన్నాను. "నాకూ తెల్దురా" అన్నాడు. ఆ మాట నాను నమ్మినాను, తెలుసా బానూ. ఆ ఒక్కటీ నమ్మినాను.

ఎంకమ్మ సానాకాలం బతికింది. ఆకర్న ఒక మధ్యాన్నం, ఆడు తల దువ్వుతా ఉంటే, "నెమ్మదిగా దువ్వు, నొస్తంది" అంది. అంతే. అన్నేల్ల తరవాత ఆడితో అన్న మొదటి మాట అది. ఆ వారంలోనే పోయింది. ఆడు తల కొరివి పెట్టినాడు. ఇంక ఎల్లొచ్చు గదా అన్నారందరూ. ఓడలేవీ? కాగితాలేవీ? ఎలగ తిరిగినాడో, ఎవల్ని బతిమాలినాడో, సానా ఏల్లకి కాగితం సంపాదించినాడు. జుట్టు నెరిసిపోయింది అప్పటికి. నానే బస్సులో మింగళాడోన్ దాకా ఎల్లి ఇమానం ఎక్కించినాను. కలకత్తా దిగి, రైలెక్కి ఇశాపట్నం పోతాడు. ఇంక రాడనుకున్నాం, మంచం కూడా ఎవలికో ఇచ్చీసినాం. వొచ్చీసినాడు. నెల తిరక్కుండానే ఆ మెట్ల మీదే కూకున్నాడు. సూసినావా ఆల్లని? అన్నాను. "ఊరు బాగుంది సత్తీ. రేవు మన రేవు కంటే పెద్దది, పోటూ పాటూ గొడవ నేదు, ఓడెప్పుడైనా కదలొచ్చు" అన్నాడు. అంతే సెప్పినాడు. కోటేస్పరి ఎలగుందిరా అంటే, దీపం వొత్తి సవరించుకుంటా కూకున్నాడు. ఆ మీదటి వోనాకాలంలో కాలం సేసినాడు. ఎల్లి తలుపు కొట్టినాడా, కొడితే అది తియ్యనేదా, తీసి ఏటన్నాది, ఈది సివర దాకా ఎల్లి ఎనక్కొచ్చీసినాడా... ఆ పిల్ల ఉందిగా ఫోన్లో. దాన్నడుగు. ఆల్ల అమ్మకైనా గురుతుంటాది, ఒకప్పుడు పొడుగాటి ముసలోడు, సెవి ఎనక మచ్చ, ఎవలైనా వొచ్చినాడా మీ గుమ్మంలోకి, అని. కొట్టు. ఏటి, కొట్టీసినావా? సూసిందా? రాస్తందా... ఒద్దమ్మా. తీసీ అది. కొట్టింది మల్లీ కనబడకుండా తీసీడానికవుద్దని మొన్న సెప్పినావు గదా, తీసీ. ఆ జవాబు నాకొద్దు. ఆ కిటికీ ఏసీసి రా, జల్లొస్తంది, మంచం తడిసిపోద్ది.